లాసెట్‌కి పది రోజులే ఉంటే: పుస్తకం మూసి చదవండి

పెద్దాపురం నుంచి మళ్లీ వచ్చేశాను. ఈ రోజు ఎపిసోడ్ లాసెట్ రాసేవాళ్ల కోసం. రాయనివాళ్లు అప్పుడే స్క్రోల్ చేసేయకండి. డీఎస్సీ అయినా, గ్రూప్స్ అయినా, బ్యాంకు పరీక్ష అయినా చివరి పది రోజుల కంగారు ఒకలాగే ఉంటుంది కాబట్టి ఇందులో సగం మీకూ పనికొస్తుంది.

మొన్న మన ఊరి నుంచే ఒక చెల్లి మెసేజ్ పెట్టింది. డిగ్రీ అయిపోయింది, మూడేళ్ల ఎల్‌ఎల్‌బీకి రాస్తోంది. పగలంతా బట్టల షాపులో పని, రాత్రి ఇంటికొచ్చి అన్నం తిన్నాక ఓ మూడు గంటలు దొరుకుతాయి. ఇంట్లో ఒక్క ఏడాది టైం ఇచ్చారంట. రాజమండ్రి, కాకినాడ వైపు సీటొస్తే ఇంటి నుంచి వెళ్లిరావచ్చు. ఎక్కడో దూరం వస్తే హాస్టల్ ఖర్చు పెట్టుకోలేరు, ఇక సంబంధాలు చూడటమే. చివర్లో అడిగింది: "గైడు ఒకసారి మొత్తం చదివాను అన్నయ్యా, మూస్తే ఏమీ గుర్తుండట్లేదు. ఇప్పుడు మళ్లీ మొదటి నుంచి చదవనా, లేక వదిలేసిన టాపిక్స్ పట్టుకోనా?"

రెండూ వద్దమ్మా. ఎందుకు వద్దో, మరి ఏం చెయ్యాలో చెప్తాను, కొంచెం ఓపిగ్గా వినండి.

ముందు పరీక్ష ఎలా ఉంటుందో చూద్దాం. ఏపీ లాసెట్‌లో 120 ప్రశ్నలు, 120 మార్కులు, 90 నిమిషాలు. పార్ట్ ఏ జనరల్ నాలెడ్జ్, మెంటల్ ఎబిలిటీ కలిపి 30. పార్ట్ బీ కరెంట్ అఫైర్స్ 30. పార్ట్ సీ, అంటే లా చదవడానికి మీకున్న ఆప్టిట్యూడ్, దానికి 60. అంటే పేపర్లో సగం పార్ట్ సీనే. ఇంకోటి, ఇద్దరికి మార్కులు సమానమైతే ముందు చూసేది కూడా పార్ట్ సీ మార్కులే. మూడేళ్ల కోర్సుకీ ఐదేళ్ల కోర్సుకీ ఈ లెక్క ఒకటే. కాకపోతే ఒకటి డిగ్రీ స్థాయి, ఇంకోటి ఇంటర్ స్థాయి. నెగెటివ్ మార్కులు లేవు. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి, దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

క్వాలిఫై అవ్వడానికి 35 శాతం, అంటే 42 మార్కులు చాలు. ఎస్సీ, ఎస్టీ వాళ్లకి ఆ కనీస మార్కు కూడా లేదు. చాలామంది ఇక్కడే రిలాక్స్ అయిపోతారు. క్వాలిఫై అవ్వడం వేరు, మనకి కావాల్సిన కాలేజీలో సీటు రావడం వేరు. కౌన్సెలింగ్‌లో మాట్లాడేది ర్యాంకు. మన చెల్లికి 42 వస్తే సరిపోదు, ఇంటికి దగ్గర సీటు తెచ్చే ర్యాంకు కావాలి. మధ్యలో ఉండే మార్కుల దగ్గర జనం గుంపుగా ఉంటారు. అక్కడ ఐదారు మార్కులు పెరిగితే చాలామందిని దాటేస్తాం.

ఇప్పుడు టైం లెక్క. రోజుకి మూడు గంటలు, పది రోజులు. మొత్తం ముప్పై గంటలు. అంతే. ఈ ముప్పై గంటల్లో గైడు మళ్లీ మొదటి నుంచి చదివితే సగానికి వచ్చేసరికి పరీక్ష వచ్చేస్తుంది. నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు రిలీజ్ ముందు కోడ్ ఫ్రీజ్ అని పెట్టేవాళ్లు. ఆ రోజు నుంచి కొత్త ఫీచర్ ముట్టుకోకూడదు. ఉన్నదాన్ని టెస్ట్ చెయ్యాలి, ఎక్కడ పగిలితే అక్కడ బాగుచెయ్యాలి. పరీక్షకి పది రోజుల ముందు మీ చదువుకి కూడా ఫ్రీజ్ పెట్టేయండి. ఇప్పటిదాకా ముట్టుకోని టాపిక్‌ని ఇక ముట్టుకోవద్దు. చదివిందే బయటికి తియ్యాలి.

బయటికి తియ్యడం అంటే ఏంటంటే, 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికి అని ఇద్దరు సైకాలజిస్టులు ఒక ప్రయోగం ప్రచురించారు. కాలేజీ పిల్లలకి చిన్న చిన్న పాఠాలు ఇచ్చారు. కొన్ని పాఠాలు రెండుసార్లు చదవమన్నారు. కొన్ని ఒక్కసారి చదివి, తర్వాత కాగితం మీద చూడకుండా గుర్తున్నదంతా రాయమన్నారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే రెండుసార్లు చదివిందే బాగా గుర్తుంది, 81 శాతం. చూడకుండా రాసింది 75. అదే వారం తర్వాత పెడితే తిరగబడింది. రెండుసార్లు చదివింది 42కి పడిపోయింది, చూడకుండా రాసింది 56 దగ్గర నిలబడింది.

ఇక్కడ మోసం ఎక్కడుందో చూడండి. మళ్లీ చదివినప్పుడు "ఆ, ఇది నాకు తెలిసిందే" అనిపిస్తుంది. కంటికి అలవాటైంది కాబట్టి అలా అనిపిస్తుంది. పుస్తకం మూసినప్పుడు బుర్ర ఖాళీగా ఉంటే భయమేస్తుంది, అందుకే మళ్లీ పుస్తకం తెరుస్తాం. మన చెల్లి చెప్పిన "మూస్తే ఏమీ గుర్తుండట్లేదు" అనే బాధ ఉంది కదా, ఆ బాధ పడుతూ గుర్తుచేసుకోవడమే అసలు చదువు. ఆ నిమిషంలో పుస్తకం తెరవకుండా ఆగగలిగితే సగం పని అయిపోయినట్టే.

కాబట్టి ముప్పై గంటలు ఇలా ఖర్చు పెట్టమంటాను. పాత పేపర్లు ఐదు, ఒక్కోటి గంటన్నర, టైం పెట్టుకుని. ఏడున్నర గంటలు పోయాయి. కరెంట్ అఫైర్స్‌కి ఆరు గంటలు, అంతకంటే ఒక్క నిమిషం ఎక్కువ వద్దు. మిగిలిన పదహారున్నర గంటలూ పార్ట్ సీకే. మెంటల్ ఎబిలిటీకి విడిగా టైం ఇవ్వట్లేదు. అది పాత పేపర్లు చేస్తుంటే అదే పదునెక్కుతుంది.

పార్ట్ సీ పదహారున్నర గంటలు ఎలా అంటే, రాత్రి కూర్చోగానే పుస్తకం తెరవకండి. తెల్ల కాగితం తీసుకోండి. పైన "ప్రాథమిక హక్కులు" అని రాయండి. ఆర్టికల్ 14 నుంచి 32 దాకా ఏది ఏంటో గుర్తున్నంత రాయండి. పది నిమిషాలు. అప్పుడు పుస్తకం తెరిచి, తప్పినవి ఎర్ర పెన్నుతో దిద్దండి. ఆ ఎర్ర ముక్కలు మాత్రమే ఒక చిన్న నోట్‌బుక్‌లోకి ఎక్కించండి. అదే మీ బగ్ లిస్ట్. తర్వాత రోజు రాత్రి మొదలుపెట్టేది ఆ లిస్టుతోనే. ఒక తప్పు రెండు రోజులు వరసగా కరెక్టుగా వస్తే కొట్టేయండి. పరీక్ష ముందు రోజు మీ దగ్గర గైడు ఉండకూడదు, నాలుగైదు పేజీల బగ్ లిస్ట్ ఉండాలి.

కొన్ని ఎంత రాసినా గుర్తుండవు. వాటికి మన ఊరిని వాడుకోండి. నేను చెప్పేది సరదాకి కాదు, కథకి కట్టిన విషయం ఊరికే ఊడిపోదు.

ఉదాహరణకి కాంట్రాక్ట్ లా. మన పెద్దాపురం పట్టు చీర ఒకటి షాపు అద్దాల్లో ధర చీటీతో పెట్టారు. మీరు లోపలికెళ్లి "అదే ధర, ఇచ్చేయండి" అన్నారు. షాపాయన ఇవ్వను అన్నాడు. కాంట్రాక్ట్ తప్పాడా? లేదు. అద్దాల్లో పెట్టడం ఆఫర్ కాదు, ఆఫర్ చెయ్యమని పిలవడం. ఆఫర్ మీరు చేశారు, ఆయన ఒప్పుకోలేదు. అయిపోయింది.

ఇంకోటి. మరిడమ్మ జాతరలో ఒక పిల్లాడు తప్పిపోయాడు. వెతికి తెచ్చినవాళ్లకి బహుమతి అని మైకులో చెప్పారు. మీకు ఆ సంగతి తెలీదు, పిల్లాడు ఏడుస్తుంటే తీసుకొచ్చి అప్పగించారు. తర్వాత బహుమతి గురించి తెలిసింది. కోర్టుకెళ్తే వస్తుందా? రాదు. ఆఫర్ ఉందని తెలియకుండా చేసిన పని దానికి అంగీకారం అవ్వదు. 1913లో అలహాబాద్ హైకోర్టు లాల్‌మన్ శుక్లా కేసులో చెప్పింది ఇదే. అక్కడ తప్పిపోయిన పిల్లాణ్ణి వెతకడానికి వెళ్లింది వాళ్ల దగ్గర పనిచేసే మనిషి. మనసుకి అన్యాయం అనిపిస్తుంది కదా? లాసెట్‌లో సగంమంది తప్పు పెట్టేది ఇలాంటి చోటే. మనసు చెప్పింది పెట్టకండి, ప్రశ్నలో ఇచ్చిన సూత్రం ఏం చెప్తే అది పెట్టండి.

టార్ట్స్‌కి మన గోదావరి జిల్లాల్లో ఉదాహరణలకి కరువా? పక్కాయన వరి పొలాన్ని చేపల చెరువు చేశాడు. గట్టు తెగి ఉప్పునీళ్లు మీ చేలోకొచ్చాయి. ఆయన అజాగ్రత్తగా ఉన్నాడని మీరు రుజువు చెయ్యాలా? అక్కర్లేదు. ప్రమాదకరమైనదాన్ని తెచ్చి పెట్టుకున్నాడు, అది తప్పించుకుని నష్టం చేసింది, బాధ్యత ఆయనదే. స్ట్రిక్ట్ లయబిలిటీ. 1868 నాటి రైలాండ్స్ వర్సెస్ ఫ్లెచర్‌లో కథ కూడా ఇదే, మిల్లు కోసం కట్టించిన చెరువు నీళ్లు పక్కాయన బొగ్గు గనిలోకి దిగాయి. దీనికి కొన్ని మినహాయింపులున్నాయి, దైవఘటన లాంటివి. ఆ మినహాయింపులు కూడా లేకుండా చేస్తే అబ్సల్యూట్ లయబిలిటీ. 1985లో ఢిల్లీలో ఓలియం గ్యాస్ లీకైన కేసులో సుప్రీంకోర్టు తెచ్చిన సూత్రం అది. 2020 మే 7న విశాఖలో ఎల్జీ పాలిమర్స్ గ్యాస్ లీకైనప్పుడు, మర్నాడే గ్రీన్ ట్రిబ్యునల్ ముందుగా 50 కోట్లు కట్టమంది. ఆ ఆర్డర్‌లో స్ట్రిక్ట్ లయబిలిటీ అన్నారు. అబ్సల్యూట్ అనాలి కదా అని అప్పట్లో లా తెలిసినవాళ్ల మధ్య పెద్ద చర్చే నడిచింది. ఈ ఒక్క వైజాగ్ కథ గుర్తుంటే రెండిటికీ తేడా మర్చిపోరు.

రాజ్యాంగం కేసులు ఇంకా దగ్గరివి. రిజర్వేషన్ మీద మొదటి పెద్ద కేసు చంపకం దొరైరాజన్, 1951, మద్రాసు రాష్ట్రం మీద. అప్పుడు మన పెద్దాపురం కూడా మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. ఆ తీర్పు తర్వాతే మొదటి సవరణ, ఆర్టికల్ 15(4). ఇక గోలక్‌నాథ్, 1967. పదకొండు మంది జడ్జీలు, ఆరుగురు ఒకవైపు, ఐదుగురు ఇంకోవైపు. ప్రాథమిక హక్కుల్ని పార్లమెంటు తీసెయ్యలేదు అని తీర్పు. అప్పటి చీఫ్ జస్టిస్ కోకా సుబ్బారావు గారు. ఎక్కడివారు? మన రాజమండ్రి. ఆంధ్ర రాష్ట్రం వచ్చాక 1954లో గుంటూరులో పెట్టిన హైకోర్టుకి మొదటి చీఫ్ జస్టిస్ కూడా ఆయనే. ఆ గోలక్‌నాథ్‌ని మార్చింది 1973 కేశవానంద భారతి. పదమూడు మంది, ఏడు ఆరు. సవరించొచ్చు, కానీ మౌలిక స్వరూపం జోలికి వెళ్లకూడదు. రాజ్యాంగ సభలో మన వాళ్లెవరు అంటే, రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు. ఇవి బట్టీ పట్టాల్సిన పేర్లలా చూస్తే బరువు. మన ఏరియా వాళ్ల ముచ్చట్లలా చూస్తే తేలిక.

ఒక పెద్ద జాగ్రత్త. మీ దగ్గర అన్నయ్యదో అక్కదో పాత గైడు ఉంటే దాని ప్రింటు ఏడాది ఇప్పుడే చూడండి. 2024 జూలై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. సీఆర్‌పీసీ పోయి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. ఎవిడెన్స్ యాక్ట్ స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమం. హత్య 302 అని సినిమాల్లో విని విని పెరిగాం, ఇప్పుడు అది 103. చీటింగ్‌కి తిట్టులా వాడుకునే 420 ఇప్పుడు 318. ఊళ్లో గొడవలైతే పెట్టే 144 ఇప్పుడు కొత్త సంహితలో 163. ఐపీసీలో 511 సెక్షన్లుంటే న్యాయ సంహితలో 358. పాత గైడు పట్టుకుని పది రోజులు కష్టపడి, తప్పు నంబర్లు గట్టిగా గుర్తుపెట్టుకుని వెళ్తే ఎంత బాధ చెప్పండి. కొత్త పుస్తకం కొనక్కర్లేదు. పాత నంబరు, కొత్త నంబరు పక్కపక్కన పెట్టి ముఖ్యమైనవి ఒక పేజీ రాసుకుంటే చాలు.

కరెంట్ అఫైర్స్ గురించి ఎక్కువ చెప్పను. నెలకి ఒక పేజీ, గత ఆరేడు నెలలు. అవార్డులు, నియామకాలు, ఆటలు, సుప్రీంకోర్టు తీర్పులు, మన రాష్ట్రం. రాత్రి పదకొండింటికి "మూడు గంటల మారథాన్" వీడియో పెట్టుకుని పడుకుని చూడొద్దు. నావి కూడా చూడొద్దు. నాకు వ్యూస్ పోయినా పర్లేదండి.

ఇప్పుడు నెగెటివ్ మార్కుల దగ్గరికి వద్దాం. క్లాట్‌లో తప్పుకి పావు మార్కు కోస్తారు. లాసెట్‌లో కొయ్యరు. అయినా ఖాళీగా వదిలేసి వచ్చేవాళ్లు ఉంటారు, నాకు ఆశ్చర్యమేస్తుంది. తెలియని ప్రశ్నలు ఇరవై ఉన్నాయనుకోండి. వదిలేస్తే సున్నా. కళ్లు మూసుకుని పెట్టినా నాలుగు ఆప్షన్లు కాబట్టి సగటున ఐదు తగులుతాయి. రెండు ఆప్షన్లు కొట్టేయగలిగితే పది. ఇందాక ఐదారు మార్కులకి ఎంత తేడా అన్నాను కదా, ఇవే ఆ మార్కులు. ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా ఉండకూడదు.

అందరికీ ఎదురయ్యే కష్టం టైం. 120 ప్రశ్నలకి 90 నిమిషాలంటే ఒక్కోదానికి 45 సెకన్లు. నా సలహా, ముందు కరెంట్ అఫైర్స్ పది నిమిషాల్లో కానిచ్చేయండి. అది తెలిస్తే తెలుసు, లేకపోతే లేదు, ఆలోచిస్తే రాదు. తర్వాత పార్ట్ సీ, 45 నిమిషాలు. ఆ తర్వాత పార్ట్ ఏ, 25 నిమిషాలు. చివరి పది నిమిషాలు వదిలేసినవాటికి. మెంటల్ ఎబిలిటీలో ఒక పజిల్ దగ్గర మూడు నిమిషాలు పట్టుదలకి పోతే నాలుగు ఈజీ ప్రశ్నలు పోతాయి. ఈ వరస మీకు నప్పకపోతే మార్చుకోండి, కానీ పాత పేపర్లు చేసేటప్పుడే మార్చుకోండి, పరీక్ష హాల్లో కాదు.

పరీక్ష కంప్యూటర్ మీద. ఫోన్ అలవాటున్నవాళ్లకి మౌస్ కొత్తగా అనిపించొచ్చు, నవ్వకండి, ఇది నిజం. అఫీషియల్ వెబ్‌సైట్‌లో మాక్ టెస్ట్ ఉంటుంది. దగ్గర్లో నెట్ సెంటర్‌కెళ్లి ఒక్కసారైనా కంప్యూటర్ మీద అది చెయ్యండి. ఆప్షన్ నొక్కాక సేవ్ అవ్వాలి, అది చూసుకోండి. ప్రశ్నలు ఇంగ్లీషులో, తెలుగులో రెండిట్లో ఉంటాయి. తెలుగు మీడియం వాళ్లకి ఒక మాట. తెలుగు అనువాదం కొన్నిసార్లు తిరకాసుగా ఉంటుంది. వాక్యం అర్థం కాకపోతే వెంటనే ఇంగ్లీషు వెర్షన్ మీద ఒక చూపు వెయ్యండి. అందుకే ప్రాక్టీస్‌లోనే ముఖ్యమైన మాటలు రెండు భాషల్లో రాసుకోండి. ఆదేశిక సూత్రాలు అంటే డైరెక్టివ్ ప్రిన్సిపుల్స్, పీఠిక అంటే ప్రియాంబుల్, అలా ఓ నలభై మాటలు సరిపోతాయి.

ఇంటి విషయం. ఎండలు, ఉక్కపోత, పెళ్లిళ్ల మైకులు, ఎప్పుడు పోతుందో తెలియని కరెంటు. ఇవన్నీ మన చేతిలో లేవు. రాత్రి మూడు గంటలు ఒకేసారి కుదరకపోతే రాత్రి రెండు, తెల్లవారుజామున ఒకటి చేసుకోండి. తెల్లవారితే చల్లగా ఉంటుంది, మైకులు కూడా ఉండవు. షాపులో ఖాళీ దొరికిన ఐదు నిమిషాల్లో బగ్ లిస్ట్‌లో ఒక పేజీ మూసి గుర్తుచేసుకోవచ్చు, దానికి కూర్చోడానికి టేబుల్ కూడా అక్కర్లేదు. నిద్ర మాత్రం కొయ్యొద్దు. చదివింది బుర్రలో కుదురుకునేది నిద్రలోనే. నైటవుట్ చేసి వెళ్తే, 45 సెకన్లకో నిర్ణయం తీసుకోవాల్సిన పరీక్షలో బుర్ర కదలదు.

ఇంట్లో పెద్దవాళ్లు వింటుంటే మీకు ఒక మాట అండీ. పిల్ల పుస్తకం మూసి గోడకేసి చూస్తూ కూర్చుంటే ఖాళీగా ఉందనుకోకండి. అప్పుడే ఎక్కువ చదువుతోంది. ఈ పది రోజులు వంటింటి పనికి పిలవకుండా ఉంటే చాలు.

ముందు రోజు హాల్ టికెట్ ప్రింటు, ఒరిజినల్ ఐడీ కార్డు బ్యాగులో పెట్టేయండి. సెంటర్ ఎక్కడో మ్యాప్‌లో కాదు, తెలిసినవాళ్లని అడిగి కూడా చూసుకోండి. కాకినాడ మనకి ఇరవై కిలోమీటర్లే కదా అని ఆఖరి బస్సు మీద ఆధారపడొద్దు. గేటు మూశాక నిమిషం ఆలస్యమైనా లోపలికి రానివ్వరు అనుకునే బయల్దేరండి. వాచీ, ఫోను, క్యాలిక్యులేటర్ ఇంట్లోనే వదిలేయండి, టైం స్క్రీన్ మీదే కనిపిస్తుంది.

చెల్లీ, నీకు మెసేజ్‌లో కూడా ఇదే పంపాను. ఈ రాత్రికి గైడు పక్కన పెట్టి, తెల్ల కాగితం మీద ఐదు రిట్లు రాయి. ఏ రిట్ ఎప్పుడు వేస్తారో ఒక్కో లైను. ఆర్టికల్ 32కీ 226కీ తేడా ఒక లైను. ఎన్ని తప్పులొచ్చాయో రేపు పొద్దున్న నాకు చెప్పు. మిగతావాళ్లు కూడా రాసి కామెంట్‌లో తప్పుల నంబరు పెట్టండి, జవాబులు రేపటి చిన్న వీడియోలో ఇస్తాను. ఉంటానండీ, ఆయ్.